బోర్లా వేసిన బండ

దెయ్యాలు, శకునాలు, కలలో కనిపించిన పెద్దవాళ్లు... ఇలాంటి కబుర్లు నా ముందు ఎవరైనా మొదలుపెడితే లేచి వంటింట్లోకి పోయే రకాన్ని నేను. మాది మార్కాపురంలో వ్యాపారం చేసుకు బతికే కుటుంబం. నాయన పలకల రాయి క్వారీ నడిపాడు. ఇప్పుడు గోడలకూ గచ్చులకూ అతికించే రాయి అమ్మే గోడౌను నేను చూసుకుంటున్నాను. రాయిని తట్టి చూస్తాను, తడిపి చూస్తాను, నచ్చితే బేరమాడతాను. తట్టి చూడలేని వాటి మీద నాకు ఎప్పుడూ ఏ అభిప్రాయమూ లేదు.

ఇది రాశాక కూడా దెయ్యాలు ఉన్నాయని నేను అనబోవడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను. ఎక్కడైనా నా కళ్లు నన్ను మోసం చేసి ఉండొచ్చు అనిపిస్తే ఆ మాటా చెప్తాను.

మా పెరట్లో నీళ్ల తొట్టి పక్కన ఒక నల్ల బండ ఉంది. మనిషి కాళ్లు చాపుకొని పడుకునేంత పొడవు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ దాని మీదే బట్టలు ఉతికాం, అంట్లు తోమాం, పిల్లలకు నీళ్లు పోశాం. తన పెళ్లికి ముందే నాయన దాన్ని క్వారీ నుంచి ఎడ్లబండి మీద తెప్పించాడని అమ్మ చెప్పేది. ఒక వానాకాలం పాచి పట్టి అమ్మ దాని మీద జారి పడింది. తీయించి సిమెంటు చేయిద్దామంది. ఇంట్లో ప్రతి విషయంలోనూ అమ్మ మాటే నెగ్గేది, ఆ ఒక్క దాంట్లో మాత్రం నాయన దిగి రాలేదు. అమ్మ పోయాక పెరడంతా టైల్సు వేయించినప్పుడు కూడా మేస్త్రీ పక్కన నిలబడి మరీ ఆ బండను వదిలి దాని చుట్టూ వేయించాడు.

నాకు అది పెద్ద వింతగా అనిపించలేదు. రాయితో బతికేవాళ్లకు రాయి గురించి కొన్ని పట్టింపులు ఉంటాయి. మా క్వారీలో రెండు ఉండేవి. దిమ్మెను ఉలితో పొరలుగా చీల్చినప్పుడు ఏ పొర మీదైనా బొమ్మలాంటి గుర్తు కనిపిస్తే, చెట్టు కొమ్మలాగానో నీటి అలల్లాగానో, ఆ బండను అమ్మేవాళ్లు కాదు. ముఖం నేలకు పెట్టి ఒక మూల బోర్లా వేసేవాళ్లు. ఎందుకని చిన్నప్పుడు అడిగితే, అట్లనే వేయాల అన్నారు తప్ప కారణం చెప్పలేదు.

రెండో పట్టింపు చెప్పుల గురించి. కొత్తగా తెరిచిన పొర మీద ఎవరూ చెప్పులతో నడవకూడదు. అది అప్పటిదాకా ఎవరూ తొక్కని నేల అని నాయన చెప్పేవాడు. కూలీకి వచ్చినవాడైనా, మద్రాసు నుంచి సరుకు చూడటానికి వచ్చిన షావుకారైనా చెప్పులు విప్పి దిగాల్సిందే.

నాయన ఎడమ పాదానికి చివరి రెండు వేళ్లు లేవు. పెళ్లి కాకముందు క్వారీలో బండ జారి మీద పడితే పోయాయి. మాకు పుట్టినప్పటి నుంచి చూసిన పాదమే కాబట్టి అది మాకు లోపంగా కూడా కనిపించేది కాదు.

ఇంకొక సంగతి. ఆయన సముద్రం చూడలేదు. మా జిల్లాకు సముద్రం ఉంది, ఒంగోలు దాటితే కొత్తపట్నం. కానీ మా పడమటి మండలాలకు నీళ్లంటే ట్యాంకరు నీళ్లే. పుల్లలచెరువు వైపు మా చుట్టాలైతే బిందె నిండితే చాలనుకునేవాళ్లు. అయినా కార్తీకంలో సముద్ర స్నానానికని వీధంతా కలిసి బస్సు మాట్లాడుకునేది. నాయన మమ్మల్ని ఎక్కించి, డ్రైవరుకు జాగ్రత్తలు చెప్పి, తను దుకాణంలో కూర్చునేవాడు. పలకల లోడు వెంట మద్రాసుకు ఎన్నిసార్లు పోయినా బీచి వైపు తిరిగి చూడలేదు. "ఏముంది ఆడ, ఉప్పునీళ్లు. దానికి ఇంత ఖర్చు పెట్టుకోని పోవాల్నా?" అనేవాడు. పిసినారితనమని ఆటపట్టించేవాళ్లం. ఆయనా నవ్వి ఊరుకునేవాడు.

నా కూతురు చిన్ని పుట్టినప్పుడు దాని కుడి పాదంలో బొటనవేలి పక్క రెండు వేళ్లూ అతుక్కొని ఉన్నాయి. నడకకు ఇబ్బంది లేదని డాక్టరు చెప్పింది. మా అత్త అదృష్టమంది. నాయన ఆసుపత్రికి వచ్చి బిడ్డను చేతుల్లోకి తీసుకోలేదు. పొత్తిగుడ్డ తొలగించి పాదాలు చూశాడు. చూస్తూ అలాగే నిలబడ్డాడు. తర్వాత బయటికి పోయాడు, సాయంత్రం దాకా రాలేదు. వంక ఉన్న పిల్ల అని ముఖం చాటేశాడనుకొని నాకు ఒళ్లు మండింది. బాలింత మనసు, చాలా రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

కానీ తర్వాత ఆ పిల్లే ఆయనకు లోకమైపోయింది. బజారుకు తీసుకుపోతే దాని వేలు పట్టుకునేవాడు కాదు, మణికట్టు పట్టుకునేవాడు.

చిన్ని రెండో తరగతిలో ఉండగా మా ఆయన ద్వారక, సోమనాథ్ యాత్ర పెట్టాడు. దారిలో జామ్‌నగర్ వైపు సముద్రపు పార్కు ఒకటి ఉందని ఎవరో చెప్పారట. పోటు తగ్గి నీళ్లు వెనక్కి పోయినప్పుడు సముద్రం అడుగున నడిచి పగడాలు, ఎండ్రకాయలు, చేపలు దగ్గర నుంచి చూడొచ్చు. నాయనను పిలిచాం. ఎప్పటిలాగే రానన్నాడు.

ఆ సాయంత్రం చిన్ని ఆ పార్కు వీడియో ఫోన్‌లో ఆయనకు చూపించింది. బూడిదరంగు బురద నేల, దాని మీద సన్నటి అలల గీతలు, మనుషులు నడుస్తున్నారు. నాయన మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. ఇంతకూ మీరు పోయేది ఇక్కడికేనా అని అడిగాడు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ తను కూడా వస్తానన్నాడు.

ఏంది నాయనా, ఇన్నేళ్లకు సముద్రం మీద మనసు పోయిందా అన్నాను. "నేను రాకపోతే దాన్ని ఎనక్కి పంపేదెవరు?" అన్నాడు. నేను లేనా అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి పెరట్లోకి పోయాడు. అల్లరి పిల్ల కదా, దాన్ని కాచుకోవడం గురించి అంటున్నాడనుకున్నాను. ఆ మాట మీద నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

పార్కు దగ్గరికి పొద్దున్నే చేరాం. మబ్బు పట్టి ఉంది. ఆకాశం, నేల, దూరంగా నీళ్లు, అన్నీ ఒకే బూడిదరంగు. ఒడ్డున మడ చెట్లు, వాటి వేర్లు మేకుల్లా బురదలోంచి పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. గైడు హిందీలో చెప్తుంటే మా ఆయన తెలుగులో చెప్పాడు. ఏదీ ఏరుకోకూడదు, బూట్లు విప్పకూడదు, తన వెనకే నడవాలి. రాళ్ల అంచులు, గవ్వలు బ్లేడుల్లా కోస్తాయట.

నేను అలాంటి చోటు మళ్లీ చూడలేదు. అరచేతి లోతు నీటి గుంటలో పువ్వులా విచ్చుకున్న జీవి వేలు దగ్గరికి పోగానే ముడుచుకుంది. గైడు కర్రతో చూపిస్తే తప్ప రాయి అనుకున్నది ఆక్టోపస్ అని తెలియలేదు. బంతిలా ఉబ్బే చేపను చిన్ని చూసి కేరింతలు కొట్టింది. ఎర్ర ముక్కు తెల్ల పక్షులు దూరంగా వరసగా నిలబడి ఉన్నాయి. ఒకచోట ఒడ్డు రాయి పొరలు పొరలుగా బయటపడి ఉంటే నాయన వంగి వేలి మెటికతో తట్టాడు. చెవి దానికి ఆనించబోతున్నట్టు తల వంచి విన్నాడు. తర్వాత కింద అలల గీతలు పడి ఉన్న బురదను చూపించి, "మన రాయి పచ్చిగా ఉన్నప్పుడు ఇట్లనే ఉంటది అమ్మా" అన్నాడు. నాకు ఆ మాట బాగా నచ్చింది. గోడౌనులో కొనేవాళ్లకు చెప్పొచ్చనుకున్నాను, చూడండి నా బుద్ధి.

గైడు, మా ఆయన, నేను ఒక గుంట దగ్గర కూర్చొని ఆక్టోపస్‌ను చూస్తున్నాం. మా ఆయన ఫోటోలు తీస్తున్నాడు. నేను తల ఎత్తి చూసేసరికి నాయన, చిన్ని పక్కకు తప్పుకొని సముద్రం వైపు కొంచెం దూరం పోయి ఉన్నారు. అక్కడ రాళ్లు లేవు, నున్నటి నేల. నాయన వంగి బూట్లు విప్పుతున్నాడు. తాతను చూసి చిన్ని కూడా విప్పింది. కొత్త పొర మీదికి దిగుతున్నట్టు. గైడు చూసి కేక వేశాడు. నేను కూడా పిలిచాను. వాళ్లు వినలేదో, గాలికి మాట పోయిందో. ఇద్దరూ పక్కపక్కన నడుస్తున్నారు. ఆయన ఎప్పటిలాగే దాని మణికట్టు పట్టుకున్నాడు.

మేం లేచి ఆ వైపు నడవడం మొదలుపెట్టే లోపల ఆయన ఆగాడు. చిన్ని భుజాలు రెండూ పట్టుకొని మా వైపు తిప్పాడు. అది పరుగెత్తుకొని వచ్చింది. కోపంగా ఉంది. ఎండ్రకాయ ఒకటి తన ముందే పోతుంటే పట్టుకోనివ్వలేదట. "తాత మీ అమ్మ దగ్గరికి పో, ఎనక్కి తిరగొద్దు అన్నాడు" అంది.

నాయన మాత్రం ముందుకు నడుస్తున్నాడు. క్వారీలో పని చూస్తూ నడిచినట్టే, చేతులు వెనక కట్టుకొని, నెమ్మదిగా. నాయనా అని అరిచాను. వెనక్కి చూడకుండా ఒక చెయ్యి ఎత్తాడు. ఇంకా కొన్ని అడుగులు వేశాడు. తర్వాత మోకాళ్ల దాకా దిగిపోయాడు, చూస్తుండగానే నడుము దాకా.

గైడు మమ్మల్ని కదలనివ్వలేదు. నేను చిన్నిని నా వైపు తిప్పుకొని దాని ముఖం నా కడుపుకు అదుముకున్నాను. గైడు, ఇంకో ఇద్దరు బురద మీద బోర్లా పడుకొని, కర్రలు అడ్డం వేసి, తాడుతో ఆయనను బయటికి లాగారు. మునగలేదు. నోట్లో నీళ్లు పోలేదు. కానీ ఒడ్డుకు మోసుకొచ్చేసరికే ప్రాణం లేదు. గుండె ఆగిందని ఆసుపత్రిలో చెప్పారు. తప్పు ఎవరి మీదా వేయలేను. వద్దన్న చోటికి పోయింది మేమే.

గైడు తర్వాత తన కర్రను ఆ జాగాలో గుచ్చి చూపించాడు. చిన్ని ఎత్తు కంటే పొడవైన కర్ర, చివరిదాకా దిగిపోయింది. పాప ఇంకా నాలుగు అడుగులు పోయి ఉంటే అన్న గైడు మాటను మా ఆయన తెలుగులో చెప్పబోయి ఆపేశాడు.

అప్పుడే అక్కడి అడుగులు నేను చూశాను. పెద్దవి, చిన్నవి పక్కపక్కన, మధ్యలో అడ్డంగా ఎండ్రకాయ పోయిన చుక్కల గీత. చిన్నవి ఒకచోట వెనక్కి తిరిగాయి. పెద్దవి పోతూ పోతూ లోతయ్యాయి. వాటికి ఫోటో లేదు. తండ్రిని పోగొట్టుకున్న మనిషి కళ్లతో చూశాను, అది కూడా గుర్తుపెట్టుకోండి. కాసేపటికే నీళ్లు వచ్చి కప్పేశాయి.

అక్కడే దహనం చేసి, అస్థికలు పట్టుకొని రైలెక్కాం.

పెద్దకర్మ నాడు పెద్దారవీడు నుంచి ఖాసిం మామ వచ్చాడు. క్వారీ మొదలైనప్పటి నుంచి మూతపడేదాకా నాయనతో కలిసి రాయి చీల్చిన మనిషి. భోజనం చేసి పెరట్లో చేతులు కడుక్కుంటూ ఆగిపోయాడు. నాయనను ఆయన ఎప్పుడూ పిలిచే పిలుపుతోనే, శెట్టి ఎక్కడ పోయినాడు అని నన్ను అడిగాడు. సముద్రంలో అని చెప్పాను. ఎవరితో ఉన్నాడు అన్నాడు. చిన్నితో అన్నాను. ఆయన తొట్టి అంచు పట్టుకొని కూర్చున్నాడు. "ఈ బండ ఒకసారి లేపుదాం అమ్మా" అన్నాడు.

మా ఆయన, ఇంకో ఇద్దరు గడ్డపారలు పెట్టి లేపి గోడకు ఆనించారు. ఇన్నేళ్ల మన్ను, వానపాములు. ఖాసిం మామ చీపురుతో తుడిచి, రాయి చూసేటప్పుడు మేం ఎప్పుడూ చేసినట్టే చెంబుతో నీళ్లు కొట్టాడు. నీళ్లు పడగానే గుర్తులు పైకి తేలాయి.

బండ నిండా అలల గీతలు. వాటి మీద అడుగులు. పెద్ద ఎడమ పాదానికి వేళ్లు మూడే. పక్కన చిన్న పాదాలు, కుడి దానికి బొటనవేలి పక్క రెండు వేళ్లు కలిసిపోయి ఒకటిగా ఉన్నాయి. మధ్యలో అడ్డంగా సన్నటి చుక్కల గీత. చిన్న పాదాలు ఒకచోట వెనక్కి తిరిగాయి. పెద్దవి ముందుకు పోయాయి, ఒక్కొక్కటీ ముందు దాని కంటే లోతుగా. చివరి అడుగులో మడమ మాత్రమే ఉంది. అక్కడ బండ అయిపోయింది.

నేను ఏడవలేదు. లోపలికి పోయి చిన్ని ఆ రోజు తొడుక్కున్న బూటు తెచ్చి, దాని లోపలి అట్ట తీసి, చిన్న పాదం గుర్తు మీద పెట్టాను. సరిగ్గా పట్టింది. ఇప్పుడు ఏడాది దాటింది, చిన్ని పాదం పెరిగింది, ఇప్పటి అట్ట పెడితే బయటికి వస్తుంది. ఆ గుర్తు ఆ ఒక్క ఏటి పాదానిదే.

కాలేజీలో భూగర్భ శాస్త్రం చెప్పే ఒకాయనకు ఫోటోలు చూపించాను. అలల గీతలు నిజమే, మీ రాయి ఒకప్పుడు సముద్రపు బురదే అన్నాడు. అడుగులు మాత్రం కుదరవన్నాడు. ఆ బురద గట్టిపడే కాలానికి భూమి మీద కాళ్లున్న జీవే లేదట. ఎవరో చెక్కి ఉంటారన్నాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని.

కానీ దాన్ని చీల్చింది ఖాసిం మామ, నాయన. గుంతలోంచి వచ్చిన దిమ్మెను ఉలితో తెరిస్తే లోపల కనిపించిందని ఖాసిం మామ చెప్పాడు. అప్పటికి నాయనకు పది వేళ్లూ ఉన్నాయి. మూడు వేళ్ల మనిషి ఎవడో అని అందరూ నవ్వారట. పద్ధతి ప్రకారం బోర్లా వేశారు. మరుసటి ఏడు నాయన కాలి మీద బండ పడింది. కట్టు విప్పిన రోజు నాయన కుంటుకుంటూ క్వారీకి వచ్చి, ఆ బండ తిప్పించి, తన పాదం దాని మీద పెట్టి చూసుకున్నాడట. తర్వాత ఇంటికి తెప్పించుకున్నాడు.

"చిన్న పాదం ఎవరిదో తెలీక, పెండ్లి కూడా వద్దన్యాడు కొన్నాళ్లు" అన్నాడు ఖాసిం మామ.

నాకు ఒక్కటే కోపం, ఇప్పటికీ ఉంది. ఆయనకు అంతా తెలుసు కదా. పాపను తిప్పినవాడు తను కూడా తిరగొచ్చు కదా. నాలుగు అడుగులు వెనక్కి వేస్తే నా దగ్గర ఉండేవాడు కదా. ఆ మాటే ఖాసిం మామతో గట్టిగా అన్నాను, ఆయన చేసిన తప్పేదో ఉన్నట్టు.

ఆయన బండ మీద ఒక చోట వేలు పెట్టాడు. చిన్న పాదాలు వెనక్కి తిరిగిన తర్వాత, ముందుకు పోయిన పెద్ద పాదాల్లో మొదటి దాని మడమ దగ్గర ఉలి గంటు ఉంది.

"పాప పుట్టిన దినమే నన్ను పిలిపించినాడు. మీరంతా ఆస్పత్రిలో ఉండారు. ఇద్దరం బండ తిప్పినాం. ఈడి నుంచి నా అడుగులు చెరిపేస్తా ఖాసిం, పాపతో పాటు ఎనక్కొస్తా అని ఉలి పెట్టినాడు. ఒక్క దెబ్బ కొట్టినాడు. పెచ్చు లేసి ఆ చిన్న పాదం దిక్కు పరిగెత్తింది. ఆపేసినాడు. పొర ఒకటే గదా అమ్మా. పెద్దది చెరిపితే ఎనక్కి తిరిగిన చిన్నది గూడా లేసిపోతది."

చిన్ని పుట్టిన రోజు సాయంత్రం దాకా ఆయన ఎక్కడున్నాడో నాకు అప్పుడు తెలిసింది.

బండను మళ్లీ బోర్లా వేయించాను. ఇది ఏమిటో, ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలిసినవాళ్లు చెప్పినా నమ్ముతానో లేదో తెలియదు. చిన్ని రోజూ దాని మీద నిలబడే స్నానం చేస్తుంది. కింద ఏముందో దానికి ఇంకా చెప్పలేదు. నేను మాత్రం దాని మడమలు తోముతున్నప్పుడు ఆ పెచ్చు గుర్తొచ్చి చెయ్యి ఆగిపోతుంది. బోర్లా వేసే ముందు తడిమి చూశాను. అది లేచి ఆగిన చోటుకూ, ఆ చిన్న మడమకూ మధ్య నా చిటికెన వేలు పట్టేంత జాగా ఉంది.